టురిడ్ ఎడమ కాలు

2025 జూలై 28, సోమవారం

స్కీ అంటే కొండ మీద నుంచి కిందికి జారడమే అనుకునేదాన్ని. ఈరోజు ఎక్కడం చూశాను. కాళ్లకు మనిషిని మించిన పొడుగు స్కీలు కట్టుకుని, మంచు మీద, ఎదురు కొండకు పరుగు! జారి వెనక్కి రావాలి కదా? రారు. ఎలా అని వంటింట్లో శ్రీపతి గారిని అడిగాను. కరీంనగర్ మనిషి, తొమ్మిదేళ్లుగా ఈ లాడ్జిలో వంట ఆయనదే.

"స్కీ కింద నడిమిట్ల జిగురు మైనం పూస్తరమ్మా. గట్టిగ తొక్కితే మంచును పట్టుకుంటది, కాలు లేపితే ఇడుస్తది. నాకు సమజ్ అయ్యేటాలకు రెండేండ్లు పట్టింది" అన్నారు.

నాకింకా సమజ్ కాలేదు. రేపు ఎవరిదైనా స్కీ తిరగేసి చూడాలి.

వానాకా ఊరి పైన ఈ కొండకు వచ్చి వారమైంది. యూరప్‌లో ఇప్పుడు ఎండాకాలం కాబట్టి అక్కడి స్కీయర్లు మంచు వెతుక్కుంటూ దక్షిణార్ధగోళంలోని మన చలికాలానికి వస్తారు. వాళ్ల కాళ్లకు మసాజ్ చేయడం నా పని, అక్టోబరు దాకా.

ఫ్లాట్ బుష్‌లోని ఇంటి నుంచి మా ఆయన రవి ఫోన్ చేశాడు. "చలికి తట్టుకుంటాండావా? నీ కూతురు ప్రణీత బళ్లో తెగ పొగుడుకుంటాంది. మా అమ్మ నార్వే టీమ్ ఫిజియో అని చెప్పిందంట."

"చెప్పుకోనీలే" అన్నాను.

పూర్తిగా అబద్ధం కాదు కదా. అనంతపురంలో పన్నెండేళ్లు ఫిజియోగానే చేశాను. ఇక్కడి ఫిజియోథెరపీ బోర్డు నా దరఖాస్తును రెండుసార్లు తిప్పి పంపింది. రిజిస్ట్రేషన్ లేకుండా ఆ మాట పేరు పక్కన పెట్టుకోవడమే నేరం. రెండోసారి వచ్చిన ఉత్తరంలో "రోగి గురించి మీరు ఎలా ఆలోచిస్తారో మాకు కనిపించలేదు" అని రాశారు. మూడోసారి పంపను. మసాజ్ పనే హాయిగా ఉంది. నిజంగానే.

జూలై 31, గురువారం

టురిడ్ స్కార్‌వ్యాక్. నార్వే ఉత్తరాన ఏదో సముద్రపు ఊరు. ముప్పై రెండేళ్లు. ఇంత నిటారుగా నడిచే మనిషిని ఈమధ్య చూడలేదు. బల్ల మీద బోర్లా పడుకుని, ముఖం కనబడకుండానే అడిగింది:

"హిమజ అంటే ఏమిటి?"

"మంచుకు పుట్టింది."

"నువ్వు పుట్టిన ఊళ్లో మంచు పడుతుందా?"

"వానే పడదు."

బల్ల ఊగేలా నవ్వింది.

ఆగస్టు 4, సోమవారం

ఆమె గురించి ఫోన్లో వెతికాను. తప్పేం కాదు, అందరికీ కనబడేదే.

పంతొమ్మిదేళ్లకు కుర్రకారు పోటీల్లో ప్రపంచ ఛాంపియన్. ఇరవై రెండేళ్లకు జాతీయ జట్టు. ఇరవై మూడో ఏట ప్రపంచకప్‌లో ఒక రెండో స్థానం, ఒక మూడో స్థానం. అప్పటి ఒక ఫొటోలో గడ్డం మీద ఉమ్ము గడ్డకట్టి ఉంది, కళ్లు నవ్వుతున్నాయి. ఆ తరువాత అంకెలు పెరుగుతూ పోయాయి. పద్నాలుగు. ఇరవై ఆరు. నలభై ఒకటి. రెండేళ్ల కిందట జట్టు నుంచి తీసేశారు. ఇప్పుడు నలుగురున్న చిన్న ప్రైవేటు జట్టుతో తిరుగుతోంది. కోచ్ పేరు ఆర్నె, పెద్దగా మాట్లాడడు. మిగతా రోజుల్లో ఆమె తమ ఊళ్లో బడిపిల్లలకు లెక్కలు చెబుతుందట.

నార్వే పత్రికలో ఒక శీర్షికను అనువాదం చేయించాను: "కొండను చూసి భయపడే అమ్మాయి."

ఈరోజు ఆమెనే అడిగాను, పొడుగు కొండల దగ్గర ఏమవుతుందని. ఎడమ కాలు నిద్రపోతుందట. తొడ రాయిలా అవుతుంది, పాదం ఎక్కడుందో తెలియదు. నిలబడితే కాసేపటికి మామూలే. ఒక డాక్టరు నడుమన్నాడు, ఒకరు తిండి చాలట్లేదన్నారు, మూడో ఆయన మనస్తత్వ నిపుణురాలి దగ్గరికి పంపాడు.

"ఆమె మంచిది" అంది టురిడ్. "భయానికి ఒక పేరు పెట్టమంది. పెట్టాను. పని చేయలేదు."

ఫిబ్రవరిలో ఇటలీలో ఒలింపిక్స్. గత రెండు ఒలింపిక్స్‌కూ ఎంపిక అంచు దాకా వెళ్లి ఆగిపోయింది. ఇదే ఆఖరు అని తనే చెప్పింది, వాతావరణం సంగతి చెప్పినట్టు.

ఆగస్టు 7, గురువారం

మామూలుగా స్నానం చేసి, తిని, గంట ఆగి వస్తారు. ఈరోజు టురిడ్ మంచులోంచి తిన్నగా వచ్చేసింది, వేగం పరుగులు అప్పుడే ముగించి. కుడి పాదం ఎర్రగా వేడిగా ఉంది. ఎడమది తెల్లగా, చల్లగా. ఒకే మనిషివి కానట్టు.

బూటు బిగుతేమో. ఆమె అదే అంది. నేనూ అదే అన్నాను.

ఆగస్టు 8, శుక్రవారం

బూటే అయ్యుంటుంది. నాకు అనవసరం.

ఆగస్టు 9, శనివారం

ఈరోజు గంట తరువాత వచ్చింది. రెండు పాదాల పైనా నాడి చూశాను, మసాజ్‌లో భాగంలా. రెండూ చక్కగా కొట్టుకుంటున్నాయి. కాబట్టి అయిపోయింది.

బూటు బిగుతైతే వేళ్లు తెల్లబడాలి, మడమ దాకా ఎందుకు తెల్లబడింది?

నాకు అనవసరం.

ఆగస్టు 12, మంగళవారం

పొద్దున వంటింటి కిటికీలోంచి ట్రాక్ కనబడుతుంది. శ్రీపతి గారు ఉల్లిపాయలు తరుగుతూ, తలెత్తకుండానే అన్నారు: "ఇగ ఆగుతది సూడు, నార్వే పిల్ల."

ఆగింది. మూడో మలుపు పైన, కంచె స్తంభం దగ్గర.

"మీకెలా తెలుసు?"

"రోజు గాడనే ఆగుతదమ్మా. జోరుగ పోయిన్నాడు స్తంభం కాడ, మెల్లగ పోయిన్నాడు ఆగనే ఆగదు. పాపం, భయమంటరు. భయానికి గింత లెక్క ఉంటదా?"

తింటున్న ఇడ్లీ చేతిలో ఉండిపోయింది.

అనంతపురం పెద్దాసుపత్రిలో వారానికి ఇద్దరు ముసలివాళ్లయినా వచ్చేవారు. నలభై ఏళ్లు బీడీలు తాగిన కాళ్లు. "మేడమ్మా, మసీదు కాడికి పోయేసరికి పిక్క పట్టేస్తాది. రెండు నిమిషాలు నిలబడితే ఇడిసిపెడతాది. మళ్లా అంతే దూరం, మళ్లా పట్టేస్తాది." రోజూ అదే మసీదు, అదే అరుగు. కాలికి రక్తం చాలనప్పుడు అది దూరాన్ని కొలిచి మరీ ఆగుతుంది. నడుము నొప్పికి ఆ లెక్క ఉండదు. భయానికీ ఉండదు.

కానీ పొగ తాగని, నిమిషానికి నలభైసార్లు మాత్రమే గుండె కొట్టుకునే ఈ పిల్లకు బీడీ ముసలాయన కాలు ఎలా వస్తుంది?

ఆగస్టు 13, బుధవారం

వస్తుందట.

పొద్దున నాలుగు గంటలు చదివాను. ఏళ్ల తరబడి నడుము వంచి, తొడ పైకెత్తి శ్రమపడే కొందరిలో, సైకిల్ పందేల వాళ్లలో ఎక్కువగా, గజ్జ పైన కాలికి వెళ్లే పెద్ద రక్తనాళం లోపలి గోడ మందమవుతుంది. ఊరికే పడుకుని ఉన్నప్పుడు అన్నీ మామూలే. గుండె పూర్తి వేగంతో కొట్టుకున్నప్పుడే కాలికి రక్తం చాలదు. ఆ కొద్ది నిమిషాల్లో చూడకపోతే ఎవరికీ దొరకదు.

ముగ్గురు డాక్టర్లూ ఆమెను పడుకోబెట్టే చూసి ఉంటారు.

నేను మసాజ్ చేసేదాన్ని. ఈ మాట నా నోటి నుంచి రాకూడదు. వస్తే బోర్డు దాకా వెళుతుంది. బోర్డుతో నాకిక పని లేదన్నప్పుడు ఎందుకు భయపడుతున్నానో.

ఆగస్టు 15, శుక్రవారం

చెప్పేశాను.

పొడుగ్గా చెప్పలేదు. "నేను డాక్టర్ని కాదు, ఇక్కడ ఫిజియోను కూడా కాదు. కానీ నువ్వు కొండెక్కిన వెంటనే నీ పాదం ఒకసారి ముట్టుకోవాలనుంది" అన్నాను.

టురిడ్ లేచి కూర్చుంది. "ఎందుకు?"

బీడీ ముసలివాళ్ల సంగతి చెప్పాను. ఆమె ముఖం మూసుకుపోయింది. "నాకు కొత్త కారణాలు వద్దు, హిమజా. తొమ్మిదేళ్లలో పదకొండు కారణాలు విన్నాను. ప్రతిసారీ ఆశపడ్డాను." తువ్వాలు భుజాన వేసుకుని వెళ్లిపోయింది.

మధ్యాహ్నం వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. స్కీ బూట్లతోనే. "మూడింటికి" అంది.

మూడింటికి నేను కంచె స్తంభం దగ్గర చాప, దుప్పటి పట్టుకుని నిలబడ్డాను. కింద నుంచి ఆమె బయలుదేరింది. కొండెక్కడాన్ని అంత దగ్గరగా చూడడం మొదటిసారి. నోటితో కాదు, ఒళ్లంతా ఊపిరి పీలుస్తున్నట్టుంది. రెండో మలుపు దాకా రెండు కాళ్లదీ ఒకే చప్పుడు. తరువాత ఎడమ స్కీ మంచును తొక్కడం మానేసి రాసుకుంటూ వచ్చింది. స్తంభం దగ్గర కూలబడింది. బూట్లు లాగేశాం.

కుడి పాదం మీద నా వేళ్లు పెట్టాను. గుర్రంలా పరుగెడుతోంది నాడి. ఎడమ పాదం మీద పెట్టాను. చోటు మార్చాను. రెండు వేళ్లు, మూడు వేళ్లు. కళ్లు మూసుకుని చూశాను.

ఏమీ లేదు.

ఆమె చెయ్యి పట్టుకుని, ఆమె వేళ్లనే కుడి పాదం మీద పెట్టించాను. తరువాత ఎడమ దాని మీద.

"ఇక్కడుంది" అంది. "ఇక్కడ లేదు."

"వేళ్లు తీయకు."

ఇద్దరం మంచులో అలా కూర్చున్నాం. గాలి కోస్తోంది. దుప్పటి కప్పితే తోసేసింది. ఆరు నిమిషాలు దాటాక ఆమె పెదవులు కదిలాయి, వాళ్ల భాషలో ఏదో అంది. నేను వేలు పెట్టి చూశాను. సన్నగా, దూరంగా, వస్తోంది.

ఆగస్టు 16, శనివారం

ఆర్నె భోజనాల గదిలోనే, అందరి ముందూ అడిగాడు. "మసాజ్ చేసే ఆవిడ నా స్కీయర్‌కు వైద్యం చేస్తోందా? ఎంపిక పోటీలు మూడు నెలల్లో ఉన్నాయి. ఈ పిల్ల తలలోంచి కాలిని తీయడానికి నాకు ఏడాది పట్టింది. నువ్వు ఒక్క మధ్యాహ్నంలో మళ్లీ పెట్టావు."

బోర్డుకు రాస్తానన్నాడు. మేనేజర్ జూడిత్ నన్ను ఆఫీసులోకి పిలిచింది. తిట్టలేదు. "నువ్వు మంచి పనిమంతురాలివి, కానీ నువ్వు దేనికి వచ్చావో దాని గీత దాటావు. విషయం తేలేదాకా పనిలోకి రాకు" అంది.

నిజమే కదా, దాటాను.

ఆగస్టు 17, ఆదివారం

రవికి చెప్పలేదు. వాతావరణం బాగుందని చెప్పాను.

ఆగస్టు 19, మంగళవారం

చెప్పక తప్పలేదు. జూడిత్ ఇంటికి ఉత్తరం పంపుతానంది.

రవి ఆ నాడి సంగతి నాతో రెండుసార్లు చెప్పించుకున్నాడు. తరువాత, "నీకు నమ్మకముందా?" అన్నాడు.

"వేలితో చూసినా. లేదు, నాడి. ఒకవేళ వేరే ఏదన్నా కారణమేమో గాని, ఆ పూట ఆ కాలికి రక్తం పోలేదు. అంతవరకు నమ్మకముంది."

"అయితే ఇంకేమి? బోర్డోళ్లు రానీ, ఇదే చెప్పు." ఫోను పెట్టేసే ముందు, "ప్రణీతకు నువ్వే చెప్పుకో" అన్నాడు.

ప్రణీతకు చెప్పలేదు.

సాయంత్రం టురిడ్ నా గది తలుపు కొట్టింది. వానాకాలో డాక్టరు దగ్గరికి తనే వెళ్లిందట. "పడుకోబెట్టి చూడకండి, పరుగెత్తించి చూడండి" అని గట్టిగా చెప్పిందట. ఆ డాక్టరమ్మ డునెడిన్‌లో రక్తనాళాల నిపుణుడికి ఫోన్ చేసి శుక్రవారానికి పెట్టించింది. "ఆర్నె రాడు. నువ్వు డ్రైవ్ చేస్తావా?"

ఎలాగూ పనిలేదు. శ్రీపతి గారు కారు తాళాలిచ్చారు, దారికి పులిహోర కట్టిచ్చారు.

ఆగస్టు 22, శుక్రవారం. డునెడిన్

మూడున్నర గంటల దారి. టురిడ్ పులిహోరలో మిరపకాయలన్నీ తినేసి కళ్లనీళ్లతో కూర్చుంది. తీయాలని నేను ముందే చెప్పాల్సింది.

నడక యంత్రం మీద వాలు పెంచుతూ పరుగెత్తించారు. ఆపగానే రెండు చీలమండలకూ ఒకేసారి రక్తపోటు చూశారు. కుడివైపు అంకె పైకి వెళ్లింది. ఎడమవైపు సగానికి సగం పడిపోయింది. నర్సు పట్టీ సరిగా కట్టలేదేమోనని మళ్లీ కట్టింది. మళ్లీ అంతే. తరువాత స్కాన్. గజ్జ పైన, వేలెడు పొడుగున, నాళం సన్నబడి ఉంది. నేను తెర వైపే చూస్తున్నాను. పుస్తకంలో బొమ్మ చూసినట్టు లేదు. ఎవరో నదిలో గుడ్డ కుక్కినట్టు ఉంది.

డాక్టరు, తలనెరిసిన మనిషి, "దీన్ని మొదట అనుమానించింది ఎవరు?" అన్నాడు. టురిడ్ నన్ను చూపించింది.

"మీరు ఫిజియోనా?"

"కాదు. మసాజ్ చేస్తాను" అన్నాను. ఆ మాట అంత నింపాదిగా అనడం ఈ దేశం వచ్చాక ఇదే మొదలు.

"ఎలా తట్టింది?"

ఆగే చోటు మారకపోవడం, పాదం రంగు, గంట తరువాత అంతా మామూలుగా ఉండడం, ఒకదాని తరువాత ఒకటి చెప్పాను. బీడీ ముసలివాళ్ల దగ్గర ఆపి, "వాళ్లకు మసీదు అరుగు ఎంత దూరం?" అని అడిగాడు. రెండు వందల గజాలుంటుందన్నాను. రాసుకున్నాడు. ఎందుకో తెలియదు. అడగాల్సింది.

వెనక్కి వచ్చేటప్పుడు టురిడ్ మొదట నవ్వింది. చాలాసేపు. తరువాత కారు ఆపమంది. రోడ్డు పక్కన గొర్రెలున్న పొలం కంచె పట్టుకుని నిలబడింది. నేను కారులోనే ఉన్నాను.

ఎక్కాక అంది: "తొమ్మిదేళ్లు నన్ను నేనే తిట్టుకున్నాను. ప్రతి కొండ దగ్గరా, పిరికిదానా, పిరికిదానా అని. ఎవరూ పాదం మీద ఒక్క వేలు పెట్టలేదు."

చెయ్యి పట్టుకుందామనుకున్నాను, గేరు మార్చాల్సి వచ్చింది.

ఆగస్టు 24, ఆదివారం

ఆపరేషన్ చేయించుకోవాలి. చేయించుకుంటే ఒలింపిక్స్ లేదు. కోలుకోవడానికే నాలుగైదు నెలలు. ఆర్నె లెక్క వేరే: ఆపరేషన్ మార్చి నెల తరువాత పెట్టుకుని, ఈలోపు మూడు నిమిషాల్లో ముగిసే చిన్న పోటీలకే తయారవడం. ఆ దూరానికి కాలు ఆగదు, ఎంపికకు అవకాశం ఉంది. అతడు చెప్పేది తెలివితక్కువ మాట కాదు. గట్టిగా శ్రమపడితే గడ్డకట్టే ప్రమాదం ఎంతో కొంత ఉందని డాక్టరు అన్నాడు, ఎంతో చెప్పలేనన్నాడు.

టురిడ్ రెండు రోజులు ఒంటరిగా నడిచి వచ్చింది. ఈరోజు వంటింట్లో, శ్రీపతి గారు చపాతీలు కాలుస్తుంటే, నిలబడే చెప్పింది:

"చేయించుకుంటాను. అక్టోబర్‌లో."

"ఒలింపిక్స్?" అన్నాను.

"అది కావాలి. చాలా కావాలి." వేడి చపాతీ చేతులు మార్చుకుంటూ పట్టుకుంది. "కానీ దానికన్నా ఎక్కువగా ఒకటి తెలుసుకోవాలనుంది. రెండు కాళ్లతో నేను ఎంత? ఇరవై మూడేళ్లప్పుడే తెలియాల్సింది. తెలియకుండా ఆపేస్తే ముసలిదాన్నయ్యాక కూడా అడుగుతూనే ఉంటాను."

"ఏమంటున్నదమ్మా?" అన్నారు శ్రీపతి గారు. ఇంగ్లిష్ ఆయనకు బాగానే వచ్చు. నా నోట వినాలనుకున్నట్టున్నారు. చెప్పాను. తలూపి, ఇంకో చపాతీ ఆమె ప్లేటులో వేశారు.

ఆగస్టు 29, శుక్రవారం

టురిడ్ వెళ్లింది. లాడ్జి ముందు అందరూ ఫొటోలు దిగారు. నేను ఫొటోలో లేను, తీసింది నేనే.

జూడిత్ రేపటి నుంచి పనిలోకి రమ్మంది. నా గీత ఎక్కడుందో ఒక కాగితం రాయించుకుంది. సంతకం చేశాను. చేయాల్సిందే.

ఆర్నె క్షమాపణ చెప్పలేదు. బోర్డుకు రాయలేదని మాత్రం జూడిత్ ద్వారా తెలిసింది. మిగతా ముగ్గురితో ఇంకో రెండు వారాలుంటాడు. మధ్యాహ్నం మసాజ్ గదిలోకి వచ్చి, బల్ల మీద కూర్చుని, మేజోడు విప్పేశాడు.

"ఎక్కడ పెట్టాలి వేలు?"

చూపించాను. లావు వేళ్లు, మొదట ఎముక మీద పెట్టాడు. కొంచెం పక్కకు జరిపాను. నొక్కకుండా ఆనించమన్నాను. దొరికింది. అలాగే కూర్చుండిపోయాడు. "ఇంత తేలికా?" అన్నాడు చివరికి, నాతో కాదు.

అక్టోబర్ 19, ఆదివారం. ఫ్లాట్ బుష్

ఇంటికి వచ్చి పది రోజులు. ఓస్లోలో టురిడ్ ఆపరేషన్ అయింది. పొట్ట కింద కుట్ల ఫొటో పంపింది. నాడి గురించి అడిగితే, "గంటకోసారి చూస్తున్నాను, నర్సులు నవ్వుతున్నారు" అని రాసింది.

ప్రణీతకు ఈరోజు చెప్పాను. సూపర్‌మార్కెట్ కార్ పార్కులో, ఇంజన్ ఆపాక. నేను ఫిజియోను కాదని, బోర్డు రెండుసార్లు కాదందని, మసాజ్ చేశానని.

"ఐ నో, మమ్మీ" అంది. "బోర్డు లెటర్ ఫ్రిడ్జ్ మీదే ఉంది కదా, ఏడాది నుంచి."

"మరి బళ్లో ఎందుకు చెప్పావు?"

భుజాలెగరేసింది. "నువ్వు నో అనలేదు. సో నీకు ఇష్టమేమో అనుకున్నా."

పద్నాలుగేళ్ల పిల్ల. ట్రాలీ తెచ్చుకుని లోపలికి వెళ్లాం. పెరుగు మరిచిపోయాం.

నవంబర్ 30, ఆదివారం

దరఖాస్తు మూడోసారి పంపాను. "రోగి గురించి ఎలా ఆలోచిస్తారు" అన్న చోట పోయినసారి అర పేజీ రాశాను. ఈసారి ఆరు పేజీలైంది. బీడీ ముసలివాళ్లతో మొదలుపెట్టి తప్పులతో సహా రాశాను, గీత దాటడం కూడా. రవి చదివి, "ఇది రాస్తే ఇయ్యరేమో" అన్నాడు. ఇవ్వకపోవచ్చు.

2026 ఫిబ్రవరి 15, ఆదివారం

ఒలింపిక్స్ స్కీ పోటీలు చూస్తున్నాను. నార్వే వాళ్లు వచ్చినప్పుడల్లా లెక్కపెడుతున్నాను, ఆమె ఉంటే ఎక్కడ ఉండేదో అని. తెలివితక్కువ లెక్క.

టురిడ్ కూడా చూస్తోందట, బడిలో పిల్లలతో. "బాధగా ఉంది" అని రాసింది. అంతే రాసింది.

మార్చి 29, ఆదివారం

బోర్డు నుంచి ఇంకా ఏమీ రాలేదు.

నిన్న వాళ్ల దేశంలో ముప్పై కిలోమీటర్ల పోటీ. పెద్దది కాదు, జాతీయ జట్టు వాళ్లు నలుగురైదుగురు వచ్చారట. ఆపరేషన్ తరువాత టురిడ్‌కు ఇదే మొదటిది, ఇంకెన్ని ఉంటాయో తనకే తెలియదంది. రికార్డింగ్ లింకు పంపింది. పొద్దున కాఫీ కలుపుకుని వీడియో పెట్టాను. కెమెరా ముందున్న వాళ్ల మీదే ఉంది. ఆమె రెండుసార్లు కనబడింది. రెండోసారి ఆఖరి పొడుగు కొండ మీద, ముగ్గురి వెనక. వేగం ఎక్కువ లేదు. తల వంగిపోయింది, భుజాలు వణుకుతున్నాయి. నేను స్కీల వైపే చూశాను. కుడి, ఎడమ, కుడి, ఎడమ. ఒక్కలాగే తొక్కుతోంది. కొండ తల దాటి కెమెరాలోంచి వెళ్లిపోయింది.

ఇరవై ఏడో స్థానం.

మెసేజ్ తరువాత తెరిచాను. "ఇప్పుడు నాకు తెలుసు, నేను ఎంతో. అనుకున్నంత కాదు. ముప్పై మూడేళ్లకు ఇంతే. కానీ హిమజా, ఆఖరి కొండ మీద రెండు కాళ్లూ చచ్చేంత నొప్పి. రెండూ! ఒక్కలాగే!"

నా భుజం మీద నుంచి ప్రణీత ఫోను చూసింది. "ట్వెంటీ సెవెన్త్? దట్స్ బ్యాడ్, రైట్? మరి ఆమె ఎందుకు అంత హ్యాపీగా ఉంది?"

కూర్చోమన్నాను. మైనం దగ్గర మొదలుపెట్టాల్సి వచ్చింది. కాఫీ రెండుసార్లు వెచ్చబెట్టుకున్నాం. మధ్యలో ప్రణీత మేజోళ్లు విప్పి, తన పాదం మీద తనే వేలు పెట్టి, దొరికేదాకా వెతుక్కుంది.